పన్నెండు సెంట్ల వాన

ఆకాశంలో మబ్బు తునక లేదు, స్కూలు దొడ్లో మాత్రం రోజూ వాన. పోయిన వారం మనం ఇంద్రాణిని ఈ చిక్కులోనే వదిలిపెట్టి వచ్చాం.

తిరుత్తణి కొండ కింద ఆ హైస్కూల్లో చదివే ముగ్గురు ఆడపిల్లల్లో ఇంద్రాణి ఒకతె. ఫోర్తు ఫారం. సైన్సు అయ్యవారు వెంకటపతి ఆమె చేతికి రెయిన్ గేజి అప్పగించి నెల దాటింది. స్కూలు వెనక తూర్పు మూలలో, నడుమెత్తు తీగల కంచె మధ్య నేలలో పాతిన రాగి గరాటు అది. గరాటు కింద సీసా ఉంటుంది. రోజూ పొద్దున ఎనిమిది గంటలకు సీసాలో నీళ్లను గీతల గ్లాసులో పోసి చూసి, ఎన్ని సెంట్ల వాన పడిందో పుస్తకంలో రాయాలి. అంగుళంలో నూరో వంతు ఒక సెంటు. అంతవరకు మగపిల్లలు చేసిన ఆ పని ఒక ఆడపిల్లకు దక్కడం అదే మొదలు.

దక్కిన వేళ మంచిది కాదేమో. ఆషాఢమొచ్చినా తగ్గని ఆడి మాసం ఎండలకు కొండమీద కోతులు కూడా నీడ వెతుక్కుంటున్న రోజుల్లో, ఉన్నట్టుండి సీసాలో నీళ్లు కనిపించడం మొదలైంది. పన్నెండు సెంట్లు. మర్నాడు పదకొండు. ఆ మర్నాడు మళ్లీ పన్నెండు. ఇంద్రాణి ఉన్నది ఉన్నట్టు రాసింది. "ఇంద్రుడి పెండ్లాం పేరు పెట్టుకోనుండాది కదరా, అడిగితే వాన రాకుండా పోతుందా" అని ముందు బెంచీ సుందరరాజ్ ఎకసెక్కం చేశాడు. అది నవ్వుతో పోయేదే. కాని రెండు ఫర్లాంగుల దూరంలో ఉన్న తాలూకా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మా గేజిలో రెండు వారాలుగా చుక్క లేదు, మీ గేజిలో దినమూ వాన పడుతున్నది, కారణం తెలుపవలసింది అని.

హెడ్‌మాస్టరు జయరామన్ ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివి ఇంద్రాణిని పిలిపించారు. "ఏమ్మా, నువ్వే నీళ్లు పోసి నువ్వే కొలుస్తా ఉండావా? నిజం తేలితే మీ నాయనకు జాబు రాస్తాను" అన్నారు. ఇంద్రాణిని భయపెట్టింది ఆ చివరి మాటే. ఆడపిల్లకు హైస్కూలేందని ఊరంతా బుగ్గలు నొక్కుకుంటున్నా తండ్రి వెంకటముని నాయుడు ఆమెను తిరుత్తణిలో మేనత్త ఇంట్లో ఉంచి చదివిస్తున్నాడు. చేర్పించేటప్పుడు ఒకే మాట చెప్పాడు. "నీ మీద ఒక్క పితూరీ వచ్చిందంటే ఆ దినమే బండి కట్టించుకోని వచ్చి పిల్చుకోని పోతా." నాయుడు అన్న మాట మీద నిలబడే మనిషి, అదే వచ్చిన చిక్కు.

బుధవారం తెల్లవారుతూనే మేనత్త తులసమ్మతో కొండకు పోతున్నానని అబద్ధమాడి ఇంద్రాణి స్కూలుకు వచ్చింది. వెనక వరండాలో విరిగిన బెంచీలు గుట్టగా పడున్నాయి. వాటి సందులో కూర్చుంది. చీమలు కుడుతున్నా కదల్లేదు. తన చదువుకు నీళ్లు వదిలేది ఎవరో తెలుసుకోవాలన్న ఆరాటంలో భయం కూడా మరిచిపోయింది. సుందరరాజే అయ్యుంటాడని ఆమె లెక్క. వాణ్ణి పట్టుకుంటే ఏమేం తిట్టాలో కూడా వరస కట్టుకుని పెట్టుకుంది.

బావి దగ్గర గిలక కిర్రుమంది. కాసేపటికి తడి పంచెతో, చేతిలో రాగి చెంబుతో ఒక మనిషి వచ్చి కంచె తలుపు తీశాడు. లోపలికి పోయి తూర్పుకు తిరిగి నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. దోసిలి నిండా నీళ్లు తీసుకుని కళ్లెత్తుకెత్తి వదిలాడు. నీళ్లు చక్కగా రాగి గరాటులో పడ్డాయి. రెండోసారి. మూడోసారి.

తెలుగు అయ్యవారు కోదండరామయ్య.

ఇంద్రాణి కూడబెట్టుకున్న తిట్లన్నీ గొంతులోనే ఆవిరైపోయాయి. మధ్యాహ్నం క్లాసులో కుర్చీలో కునికిపాట్లు పడుతూ, ఎవడైనా పద్యంలో ఒక అక్షరం మింగితే కళ్లు తెరవకుండానే వాడి పేరు పెట్టి పిలిచే మనిషి ఆయన. ఈ స్కూల్లో ముప్పై ఏళ్లుగా ఉన్నారు. ఆయన దొంగేమిటి? బెంచీల్లోంచి బయటికి వచ్చేసరికి ఆమె పావడాకు బూజు, జడలో పుల్లలు.

"ఎవురది? ఇంద్రాణా? ఇంత పొద్దున్నే ఈడేం పనమ్మా నీకు?"

"అయ్యవారూ, మీరు దినమూ ఈడే అర్ఘ్యం ఇస్తా ఉండారా?"

"దినమూనే. రెండు వారాలుగా. నేను బాడుగకుండే ఇంటాయన పెరట్లో ఎనుముల్ని తెచ్చి కట్టేసినాడు. ఎనుముల నడుమ నిలబడి సూర్యుడికి నీళ్లిడిస్తే అవి యాడ పోయి పడతాయో నీకు చెప్పక్కర్లేదు. అర్ఘ్యం నీళ్లు మనిషి తొక్కే చోట పడగూడదు. ఈ స్కూలంతా యాడ చూసినా మీ పిల్లకాయల కాళ్లే. కాలు పడని తావు ఇదొక్కటే. చుట్టూ కంచె, తూర్పు మొగం, రాగి పాత్ర, నోరు ఆకాశానికి." ఆయన గొంతు తగ్గించారు. "మా వెంకటపతి సైన్సు సైన్సంటా ఉంటాడు గానీ, లోపల భక్తి ఉండాదే అనుకుంటి."

ఇంద్రాణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వకూడదు. అయినా నవ్వు వేళ్ల సందుల్లోంచి వచ్చేసింది.

"అది పూజకు పెట్టింది గాదయ్యవారూ. వాన కొలిచేది."

"వాన కొలిచేదా? వాన పడితే మనిషికి తెలీదా? దాన్ని కొలిచేదేంది?"

ఆమె చెప్పింది. గరాటు, సీసా, గీతల గ్లాసు, పుస్తకం. ఆయన గరాటు పక్కన గొంతుక్కూర్చుని శ్రద్ధగా విన్నారు. చిన్నపిల్లవాడికి కొత్త బొమ్మ చూపినట్టే ఉంది ఆయన మొగం.

"అయితే నేనిచ్చింది ఎంతంట?"

"పన్నెండు సెంట్లు."

"దినమూనా?"

"నడాన ఒకటి రెండు దినాలు పదకొండు."

"అవి నాకు మోచేతుల నొప్పి ఉన్న దినాలు" అన్నారాయన, లెక్క సరిపోయినందుకు సంతోషిస్తూ. "భలే పాత్రే. దీంట్లో అబద్ధం సాగదు." అంతలో ఏదో తట్టినట్టు ఆగారు. "ఆ పుస్తకం ఎవురు చూస్తారు?"

"వారం వారం తాలూకా ఆఫీసుకు పంపిస్తారు."

"నా సంధ్యావందనం సర్కారు కాగితాల్లోకి ఎక్కిందా?"

ఆ తర్వాత ఉత్తరం సంగతి, హెడ్‌మాస్టరు మాట, నాయన మాట ఒకదాని వెనక ఒకటి చెప్పక తప్పలేదు. వింటూ వింటూ ఆయన మొగం పాలిపోయింది. చెంబు చేతిలోంచి జారి కంచె దగ్గరికి దొర్లింది.

"పదమ్మా. హెడ్‌మాస్టరు వస్తూనే నేనే చెప్తా."

ఆయన చెబితే ఏమవుతుందో ఇంద్రాణికి తెలుసు. అయ్యవారికి మతి తప్పుతున్నది, గడువుకు ముందే ఇంటికి పంపితే మేలని హెడ్‌మాస్టరు పైకి ఒకసారి రాసి ఉన్నారు. స్కూల్లో అందరికీ తెలిసిన సంగతే. మొన్న ఎవరి గొడుగో తెచ్చుకున్నందుకే వారం రోజులు నవ్వారు. ఇప్పుడు వాన డబ్బాలో సంధ్య వార్చారని తెలిస్తే ఆ నవ్వు మద్రాసు దాకా పోతుంది. ఈ ఒక్క ముక్క చాలు ఆయన్ని సాగనంపడానికి. పెన్షనుకు ఇంకా ఎనిమిది నెలలుంది.

"వద్దయ్యవారూ" అంది. "రేపట్నుంచి మీరు ఇంకో తావున ఇయ్యండి. సీసా ఎండిపోతుంది. ఎండిపోతే ఎవురూ అడగరు. అంతే గదా."

"నీ మీదికి మాట రాదు గదా?"

"రాదు."

పదమూడేళ్ల బుద్ధికి అది తిరుగులేని ఉపాయంలా తోచింది. ఎనిమిది గంటలకు సీసా తీసి కొలిచింది. పన్నెండు. పన్నెండనే రాసింది. ఉన్న నీళ్లను లేవని రాయడం ఆమెకు చేతకాదు.

మూడో పీరియడు తెలుగు. సగం పద్యంలో ప్యూను షణ్ముగం సర్క్యులరు పుస్తకం పట్టుకుని వచ్చాడు. హెడ్‌మాస్టరు ఏది చెప్పదలచుకున్నా ఆ పుస్తకంలో ఇంగ్లీషులో రాస్తారు. అయ్యవార్లు దాన్ని క్లాసులో చదివి వినిపించి కింద సంతకం పెట్టాలి. కోదండరామయ్య గారు దాన్ని అందుకున్నప్పుడల్లా చేసేది ఒకటే. జేబులు తడుముకుని, "కళ్లద్దాలు ఇంట్లో మరిచి వచ్చినాను, ఎవురన్నా చదవండి" అంటారు. కళ్లద్దాలు ముక్కు మీదే ఉంటాయి. అది అందరికీ కనిపిస్తూనే ఉంటుంది, ఎవరూ అనరు. ఇంగ్లీషు రాదని ఒప్పుకోవడం కన్నా కళ్లద్దాలు పోగొట్టుకోవడం ఆయనకు సులువు.

మామూలుగా సుందరరాజ్ చదువుతాడు. ఆ రోజు ఆయన పుస్తకం ఇంద్రాణి చేతికి ఇచ్చారు. పొద్దుటి స్నేహం కొద్దీ ఇచ్చి ఉంటారు.

ఆమె ముందు తనలో చదువుకుంది. అక్షరాలు కదిలినట్టయింది. ఆ తర్వాత గొంతు సవరించుకుని తెలుగులో చెప్పింది. "రేపు పొద్దున ఎనిమిదికి హెడ్‌మాస్టరు గారే రెయిన్ గేజి తెరుస్తారంట. ఫోర్తు ఫారం పిల్లకాయలూ అయ్యవార్లూ అందరూ ఉండాలంట. దానికి ముందు ఇంద్రాణి గేటు దాటి రాకూడదంట. షణ్ముగం తెల్లారుజామున నాలుగు గంటల్నుంచి గేటుకాడ కాపలా ఉంటాడంట." పుస్తకం మూసేసింది.

"అయ్యవారూ" అని సుందరరాజ్ లేచాడు. "కడాన ఇంకా ఉండాది. విడిచిపెట్టేసింది."

"నువ్వు చదువు" అన్నారు అయ్యవారు.

వాడు హుషారుగానే మొదలుపెట్టాడు. "సీసాలో నీళ్లుంటే ఇంద్రాణి తప్పు లేదంట. నీళ్లు లేకుంటే ఇన్నాళ్లూ పోసింది ఇంద్రాణేనంట. వాళ్ల నాయనకు..." అక్కడ వాడి గొంతు దిగిపోయింది. ఎకసెక్కం వేరు, ఇది వేరు అని వాడికి కూడా అనిపించినట్టుంది. "వాళ్ల నాయనకు జాబు రాస్తారంట. స్కూలు నుంచి పేరు కొట్టేస్తారంట" అని చిన్నగా ముగించి కూర్చున్నాడు.

తాను పన్నిన ఉపాయంలో తానే పడింది ఇంద్రాణి. అయ్యవారు ఇంకోచోట అర్ఘ్యం ఇస్తారు, సీసా ఎండిపోతుంది, ఎండిన సీసా ఆమెను దొంగను చేస్తుంది. నోరు విప్పితే ఆయన పోతారు, విప్పకపోతే తాను పోతుంది. ఊళ్లో పొయ్యి ముందు కూర్చోబెడతారు. ఫోర్తు ఫారం పుస్తకాలు అటక మీదికి పోతాయి. ఏడవకూడదని కింది పెదవిని పళ్ల కింద పట్టుకుంది.

అయ్యవారు సంతకం పెట్టారు. పద్యం మళ్లీ మొదలైంది. వెనక బెంచీ పిల్లవాడు ఒక పాదం మొత్తం ఎగరగొట్టాడు. ఆయన ఏమీ అనలేదు. క్లాసంతా ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.

గంట కొట్టగానే ఆయన నేరుగా హెడ్‌మాస్టరు గదికి నడిచారు. ఇంద్రాణి వెనకే పరుగెత్తింది. తలుపుకు తాళం వేసి ఉంది. "తిరువళ్లూరు పోయినార్ సార్, మీటింగు. రేపే వచ్చేది" అన్నాడు షణ్ముగం. అయ్యవారు ఆ తాళాన్ని ఒకసారి లాగి చూశారు. "నువ్వు క్లాసుకు పోమ్మా" అన్నారు చివరికి.

సాయంత్రం వెంకటపతి అయ్యవారు ఆమెను సైన్సు గదికి పిలిచారు. మాట తక్కువ మనిషి. కొలత గ్లాసును గుడ్డతో తుడుస్తూ, తుడిచిందే తుడుస్తూ, "నీకు తెలుసా ఎవురో?" అని అడిగారు.

"తెలుసు సార్. చెప్పలేను."

"చెప్పకుంటే నీ చదువు పోతుంది."

"చెప్తే వాళ్లది పోతుంది సార్."

ఆయన గ్లాసును వెలుతురుకెత్తి చూశారు. "నువ్వు దొంగ లెక్క రాయలేదని నాకు తెలుసు. నేను చెప్తే హెడ్‌మాస్టరు నమ్మల్ల గదా. సరే, రేపు సీసాలో నీళ్లు ఉంటాయి, ఆయనే చూస్తాడు."

"ఉండవు సార్" అనేసింది ఇంద్రాణి. "రేపట్నుంచి ఉండవు."

ఆయన తుడవడం ఆపి ఆమెను ఒకసారి చూశారు. ఎందుకని అడగలేదు.

గురువారం ఎనిమిదికి గేటు తీశారు. ఇంద్రాణి మేనత్త చెయ్యి పట్టుకుని వచ్చింది. కంచె చుట్టూ ఫోర్తు ఫారం అంతా నిలబడి ఉంది. సుందరరాజ్ వెనక వరసలో ఎక్కడో ఉన్నాడు. అయ్యవార్లు ఒక పక్క, వాళ్లలో కోదండరామయ్య గారు నుదుట తాజా విభూతితో. ఆయన ఇంద్రాణి వైపు చూడలేదు.

హెడ్‌మాస్టరు కోటు చేతులు పైకి మడుచుకుని గరాటు ఎత్తారు. సీసా బయటికి తీశారు. ఇంద్రాణి కళ్లు మూసుకుంది. నాయన బండి గేటు ముందు నిలబడినట్టే, ఎద్దుల మెడగంటలు వినిపించినట్టే అనిపించింది ఆమెకు.

గ్లాసులో నీళ్లు పడిన చప్పుడైంది.

కళ్లు తెరిచింది. నీళ్లే. చూసి చూసి అలవాటైన పన్నెండో గీత దగ్గరికి వచ్చాయి. దాన్ని దాటాయి. ఇంకా పైకి పోయాయి.

"ట్వంటీ ఫోర్" అన్నారు హెడ్‌మాస్టరు నమ్మలేనట్టు. గ్లాసును కళ్ల దగ్గరికి తెచ్చుకుని మళ్లీ చూశారు. "ఇరవై నాలుగు సెంట్లు. చుక్క వాన లేకుండా."

తెలుగు అయ్యవారు వచ్చి పోశారు. సూర్యుడికి ఇయ్యవలసిన నీళ్లను, అది వాన డబ్బా అని తెలిసీ, ఆమె కోసం పోశారు. ఆ వయసులో, ఆ నిష్ఠలో, అది ఆయనకు ఎంత కష్టమో ఇంద్రాణికి అర్థమైంది. కాని ఆయన దోసిళ్లు మూడే కదా. మూడు దోసిళ్లకు పన్నెండు. మిగతా పన్నెండు ఎక్కడివి? ఆయన వైపు చూసింది. ఆ అంకె విని ఆయన కూడా తెల్లబోయి ఉన్నారు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంటున్నారు.

అప్పుడామె వెంకటపతి అయ్యవారి వైపు చూసింది. సైన్సు గదిలో ఏదైనా కొలిచేటప్పుడు ఎవరినీ గ్లాసు దగ్గరికి రానివ్వకుండా తానే ముందు వంగి చూసే మనిషి, ఆ రోజు అందరికంటే వెనక నిలబడి కంచె తీగలను చూస్తున్నారు. ఆయన కోటు కుడి చెయ్యి మోచేతి దాకా తడిసి ఉంది.

ఇంద్రాణికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి, తన కోసం ఇద్దరూ ఆ చిన్న సీసాను నింపిపోయారు. జన్మలో తప్పు లెక్క రాయని మనిషి ఒకరు, జన్మలో సంధ్య తప్పని మనిషి ఒకరు.

"సరి" అన్నారు హెడ్‌మాస్టరు. న్యాయం తెలిసిన మనిషే. జేబులోంచి కవరు తీసి అందరి ముందూ నిలువునా చించారు. "పిల్ల తప్పు లేదు. వాళ్ల నాయనకు జాబు పంపను." తులసమ్మ మేనకోడలి తల నిమిరింది. పిల్లకాయలు అప్పుడే కదలబోయారు.

"నిలవండి. పని అయిపోలేదు." ఆయన గొంతు మారింది. "సర్కారుకు పోయే లెక్కలో నీళ్లు పోసినవాళ్లు ఈ స్కూల్లో ఉండారు. వాళ్లెవరో ఈ దినమే తాలూకా ఆఫీసుకు రాసి పంపిస్తాను. ఏమప్పా షణ్ముగం, నాలుగు గంటల్నుంచి గేటుకాడే ఉండావా?"

"ఆమా సార్. కండ్లు మూయలా."

"ఈ పాప వచ్చిందా?"

"రాలేదు సార్."

"వేరే ఎవరన్నా వచ్చినారా?"

షణ్ముగం తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఇద్దరు వచ్చినారు సార్. ఒకరు పోయినాక ఒకరు."

వెంకటపతి తడి చెయ్యిని వీపు వెనక్కి పెట్టుకున్నారు. కోదండరామయ్య గారు తల తిప్పి మొదటిసారి ఆయన వైపు చూశారు.

"పేర్లు చెప్పు" అన్నారు హెడ్‌మాస్టరు.

షణ్ముగం ఒక అయ్యవారి మీదనుంచి ఇంకో అయ్యవారి మీదికి చూపు తిప్పి నోరు తెరిచాడు. అతను మాట మొదలుపెట్టేలోగా ఇంద్రాణి మేనత్త చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుని పైకెత్తింది.

హెడ్‌మాస్టరు ఆమె వైపు తిరిగారు. "ఏమ్మా? నీకు తెలుసా?"

"తెలుసు సార్. నేను చెప్తాను" అంది ఇంద్రాణి. ఏం చెప్పబోతున్నదో ఆమెకు ఇంకా తెలియదు.